నల్లడబ్బాల తోట

ఆ లైను ఇళ్ళలో చివరి ఇంటి ముందు రోజూ సాయంత్రం ఒక పని ఒకేలా జరిగేది. షెడ్డు నుంచి భర్త రాగానే ఆమె అతని చొక్కా, ప్యాంటు విప్పించి బకెట్లో నానబెట్టేది. సబ్బు పెట్టకముందే నీళ్ళు బూడిదరంగుకు తిరిగేవి. బట్టలను ఒకసారి బాగా జాడించి, ఆ నీళ్ళను చెంబుతో ముంచుకుని, గోడవారగా వరసగా పెట్టిన నల్లడబ్బాల్లోని మొక్కలకు పోసేది. ఆ తరువాతే సబ్బు పెట్టేది. సబ్బునీళ్ళు మొక్కకు పడవని ఆమెకు తెలుసు.

కుళాయి రోజు విడిచి రోజు వచ్చే చోట, వచ్చినా అరగంట కంటే ఉండని చోట, ఇలా నీళ్ళు పొదుపు చేసే ఇల్లాలిని ఎవరైనా మెచ్చుకుంటారే తప్ప తప్పు పట్టరు. పాఠకులారా, ఆ దారిన పోతుంటే మనమైనా ఒక్క నిమిషం ఆగి, ఆ పచ్చదనం చూసి, మన ఇంట్లోనూ ఇలా చేస్తే బాగుండునని అనుకునేవాళ్ళమే.

ఆ డబ్బాలు పాత బ్యాటరీల పెట్టెలు. లారీలకు, బస్సులకు వాడే పెద్ద బ్యాటరీలు పాడైపోతే ఆ షెడ్డుకు చేరతాయి. ఆమె భర్త పని వాటిని పగలగొట్టడం. గొడ్డలితో పైమూత ఎగరగొట్టి, లోపలున్న యాసిడ్‌ను కాలువలోకి వంచి, సీసం పలకలను లాగి కుప్ప పోస్తాడు. పలకలు కొలిమిలోకి వెళతాయి. పెట్టెలు మిగులుతాయి. ఒక్కో పెట్టెలో ఆరు గదులు. అడుగున కాల్చిన మేకుతో చిల్లులు పొడిచి మట్టి నింపితే, గదికొక మొక్క చొప్పున ఆరు మొక్కలు. కుండీలు కొనలేని ఇంటికి ఇంతకంటే ఏం కావాలి? అతను నెలకొకటి చొప్పున తెచ్చాడు. ఆమె ప్రతి పెట్టెనూ మూడుసార్లు కడిగి, రెండు రోజులు ఎండబెట్టి గానీ మట్టి వేయలేదు. అంత శుభ్రమైన మనిషి.

ఏడాది తిరిగేసరికి పన్నెండు డబ్బాలయ్యాయి. పాలకూర, ముల్లంగి. లైనులో అందరూ ఆమెను ఆకుకూరలక్క అని పిలవడం మొదలుపెట్టారు. ఇంట్లోకి సరిపోగా మిగిలింది ఆమె ఏనాడూ అమ్మలేదు. చిన్న చిన్న కట్టలు కట్టి పంచేది. అందులో మొదటి కట్ట ఎప్పుడూ పక్కింటి కుట్టుమిషన్ చెల్లిదే. ఆ చెల్లికి తొలిచూలు, అయిదో నెల.

"అక్కా, నీ కూర తినీ తినీ నా కడుపులో బిడ్డ ఆకుపచ్చగా పుడుతుందేమోనని మా ఆయనకు బెంగ పట్టుకుంది," అనేది ఆ చెల్లి, కట్ట అందుకుంటూ.

"పుడితే పుట్టనీ. గౌనుకు రంగు కలిసే గుడ్డ వెతుక్కునే పని తప్పుతుంది నీకు," అనేది ఆకుకూరలక్క.

ఆమెకు అయిదేళ్ళ కూతురుంది. ఆ పిల్లను లైనులో రేడియో అనేవారు. పొద్దున లేచింది మొదలు ఎవరింట్లో ఏం జరిగిందో ఇంటింటికీ తిరిగి చెప్పుకొచ్చేది. ఎవరి అత్త అలిగిందో, ఎవరి పిల్లి ఈనిందో, ఎవరు ఎవరిని ఏమన్నారో, ఒక్క మాట పొల్లుపోకుండా ఒప్పజెప్పేది. అలాంటి పిల్ల ఈ మధ్య నెమ్మదించింది. కడుపునొప్పి అంటుంది. మూలకు పోయి కూర్చుంటుంది. ఆటకు పిలిస్తే విసుక్కుంటుంది. మాట మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయి, ఏదో వెతుక్కుంటున్నట్టు చూస్తుంది.

"ఏమే, రేడియోకి బ్యాటరీ అయిపోయిందా?" అని వీధిలో ఎవరో అంటే అందరూ నవ్వారు. తల్లి కూడా నవ్వింది. ఆ తరువాత చాలాకాలం ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు ప్రాణం చివుక్కుమనేది.

క్లినిక్‌లో డాక్టరు పిల్ల కింది రెప్ప లాగి చూశాడు. "పాలిపోయింది. రక్తం తక్కువగా ఉంది. టానిక్ రాస్తాను. ఆకుకూరలు బాగా పెట్టండి," అన్నాడు.

ఆమె గుండెల మీద బరువు దిగిపోయింది. "ఇంతేనా డాక్టరుగారూ! ఆ మందు మా గుమ్మంలోనే ఉంది," అంది.

ఆ రోజు నుంచి పిల్లకు రెండు పూటలా పాలకూరే. ముల్లంగి తురిమి, పిల్ల వద్దని మొహం తిప్పుకుంటే బతిమాలి, అప్పటికీ వినకపోతే కోప్పడి మరీ తినిపించింది. "తింటేనే బలం వస్తుంది తల్లీ. బలం వస్తేనే మాటలొస్తాయి," అనేది. బలం రాలేదు. బడిలో టీచరు కబురు పెట్టింది. మొన్నటిదాకా ఇరవై దాకా లెక్కపెట్టిన పిల్ల ఇప్పుడు పది దగ్గరే ఆగిపోతోందట.

అదే సమయంలో మొక్కలూ మొహం వేలాడేశాయి. ముల్లంగి ఆకుల అంచులు పసుపు తిరిగాయి. పీకి చూస్తే అడుగున దుంప లేదు, బలపమంత వేరు. పిల్లకు కూర కావలసిన సమయంలోనే ఇలా కావడం చూసి ఆమెకు ఏడుపొచ్చింది. మట్టిలో సత్తువ పోయిందనుకుంది. మట్టిని చూసి ఏం తక్కువైందో చెప్పే ఆఫీసు ఒకటి ఉందని ఎవరో చెప్పారు. మట్టిని సంచిలో వేసుకెళ్ళాలన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఆమె మొక్కలతో సహా ఒక డబ్బాను చంకన పెట్టుకుని, మరో చేత్తో పిల్లను పట్టుకుని బస్సెక్కింది.

ఆఫీసులో గుమాస్తా ఫారం తీశాడు. "పొలం ఎన్ని ఎకరాలు?"

"ఎకరాలెక్కడివయ్యా? పన్నెండు డబ్బాలు."

గుమాస్తా తల ఎత్తి చూసి, లోపలికి కేకేశాడు. "మేడమ్! మనం చేను దగ్గరికి వెళ్ళక్కర్లేదు. చేనే మన దగ్గరికొచ్చింది!"

లోపలి నుంచి ఒక నడివయసు స్త్రీ వచ్చింది. గోళ్ళ నిండా మట్టి, మెడలో గొలుసుకు వేలాడే కళ్ళజోడు. ఆఫీసులో అందరూ ఆమెను మట్టి మేడమ్ అంటారు. నవ్వుతూనే వచ్చి, డబ్బాను రెండు చేతులతో పట్టుకుని తిప్పి చూసింది. అంచు మీద ప్లస్ గుర్తు, దానికి ఎదురుగా మైనస్ గుర్తు కనబడ్డాయి. ఆమె నవ్వు ఆగిపోయింది. డబ్బాను బల్ల మీద పెట్టి చేతులు కడుక్కుని వచ్చింది.

"ఇది ఎక్కడిదమ్మా?"

ఆకుకూరలక్క అంతా చెప్పింది. భర్త పని, పెట్టెలు, బట్టలు జాడించిన నీళ్ళు. చెప్పేటప్పుడు ఆమె గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. ఒక్క చుక్క వృథా పోనివ్వనని అంది.

మట్టి మేడమ్ కుర్చీ లాక్కుని ఆమెకు ఎదురుగా కూర్చుంది. "వేరుకు నోరు లేదమ్మా. అది మట్టిని నమలదు. మట్టిలో ఎంత సత్తువ ఉన్నా, అది నీళ్ళలో కరిగితేనే వేరుకు అందుతుంది. వేరు కొసన కంటికి ఆనీ ఆనని నూగు ఉంటుంది చూడు, నీళ్ళు తాగేది అదే. ఆ నూగులో చిన్న చిన్న ద్వారాలుంటాయి. మొక్కకు కావలసినవాటికి తలో ద్వారం. కాల్షియం వచ్చిందనుకో, దాని ద్వారం తెరుచుకుంటుంది."

"అంత తెలివా మేడమ్ దానికి?"

"తెలివే. కానీ సగం తెలివి. బ్యాటరీ పలకల్లోని సీసం విషం. అది కూడా ఆ ద్వారం దగ్గరికే వస్తుంది. చూడ్డానికి కాల్షియం లాగే ఉంటుంది దానికి. పాపం, వేరు తేడా కనిపెట్టలేదు. తలుపు తీసేస్తుంది. మామూలు మట్టిలో అయితే సీసం అంత తేలిగ్గా కరగదు, మట్టినే పట్టుకుని ఉంటుంది. యాసిడ్ తగిలిందంటే వదిలేస్తుంది. నీ డబ్బాలో సీసమూ ఉంది, యాసిడూ ఉంది. రోజూ నువ్వు పోసే నీళ్ళలో మళ్ళీ సీసం ఉంది. లోపలికి వెళ్ళిందాంట్లో ఎక్కువ భాగం వేరులోనే ఆగుతుంది. కొంత ఆకుదాకా పోతుంది. పైన పడే దుమ్ము సరేసరి."

"మేం తినే ముల్లంగి..."

"ముల్లంగి అంటేనే వేరు కదమ్మా."

ఆకుకూరలక్క డబ్బాను తన వైపు తిప్పుకుంది. తరువాత మెల్లగా అడిగింది. "బాగా కడిగితే పోదా?"

"పైన ఉన్నది పోతుంది."

"ఉడకబెడితే?"

"పోదు."

మట్టి మేడమ్ చూపు అప్పుడు పిల్ల మీద పడింది. పిల్ల బల్ల కాలుకు ఆనుకుని నేల మీద కూర్చుంది. చెప్పు పట్టీని లాగుతోంది, వదులుతోంది. పరాయి చోటికి వచ్చిన అయిదేళ్ళ పిల్ల చుట్టూ చూడాలి, ఇదేంటి అదేంటని అడగాలి. ఈ పిల్ల తల ఎత్తలేదు.

"ఈ పాప కూడా తింటుందా?"

"తన కోసమే మేడమ్ ఇదంతా," అంది తల్లి.

మేడమ్ మరేమీ అడగలేదు. ఒక కాగితం మీద పెద్దాసుపత్రి పేరు, చేయించాల్సిన పరీక్ష పేరు రాసి చేతిలో పెట్టింది. "పిల్లల పేగు కూడా వేరులాంటిదేనమ్మా. దానికీ ఆ తేడా తెలియదు," అని మాత్రం అంది.

పెద్దాసుపత్రిలో పరీక్ష అయిన పదిరోజులకు కాగితం వచ్చింది. అక్కడి డాక్టరమ్మ దాన్ని చాలాసేపు చూసింది. ఎలా చెప్పాలో ఆలోచించుకోవడానికి పట్టిన సమయం అది.

"రక్తంలో సీసం అసలు ఉండకూడదమ్మా. అయిదు దాటితేనే మేం కంగారుపడతాం. పాపకి నలభై ఎనిమిది ఉంది. మందు ఉంది, కొంత బయటికి లాగుతుంది. కానీ మళ్ళీ అదే ఇంటికి తీసుకెళ్తే మళ్ళీ ఎక్కుతుంది. ఒక్క కూర వల్లే కాదు. బట్టల మీద దుమ్ము, నేల మీద దుమ్ము, అన్నీ కలిసి. ముందు ఇల్లు మారండి."

"మాటలొస్తాయా అమ్మా?"

డాక్టరమ్మ కలం మూత తీసి మళ్ళీ పెట్టింది. "ఇక ముందు పోకుండా చూసుకోవచ్చు. పోయినవి వస్తాయని నేను మాటివ్వలేను."

ఇల్లు మారమని చెప్పడం తేలిక. ఆ లైను ఇళ్ళు షెడ్డు యజమానివి. షెడ్డులో పని ఉన్నంతకాలమే ఇల్లు. ఆ సాయంత్రం ఆమె భర్తకు గుమ్మంలోనే ఎదురు నిలబడి సంగతంతా చెప్పింది. అతను చెప్పులు విప్పబోతూ ఆగిపోయాడు.

"పదకొండేళ్ళుగా ఆ దుమ్ములోనే ఉన్నా. నాకేమైందే? గుండ్రాయిలా లేనూ?"

"ఏమయ్యా, మొన్న గొడ్డలి రెండుసార్లు చేతిలోంచి జారిందన్నావు. నిన్న గ్లాసు వదిలేశావు. ఏదీ, డాక్టరమ్మ చూడమంది, నీ చెయ్యి చాపి మణికట్టు పైకెత్తు."

అతను చెయ్యి చాపాడు. మణికట్టు పైకి లేవలేదు. తడిసిన గుడ్డలా కిందికి వాలింది. రెండో చేత్తో దాన్ని పట్టుకుని లేపి చూశాడు. వదిలితే మళ్ళీ వాలింది. అతను ఏదో సరదా మాట అనబోయి, ఆ మాట దొరక్క, అరుగు మీద కూర్చుండిపోయాడు.

"ఈ పని తప్ప నాకింకేం వచ్చే?" అన్నాడు చివరికి. "ఈ చేత్తో ఇంకెవడు పనిస్తాడు నాకు?"

పిల్ల వచ్చి తండ్రి ఒళ్ళో తల పెట్టబోయింది. "వద్దు! నాన్న బట్టలు ముట్టుకోకు!" అని తల్లి అరిచింది. పిల్ల బెదిరి ఏడ్చింది. తండ్రి చేతులు రెండూ గాలిలోకి ఎత్తి, బిడ్డ తగలకుండా, అలాగే కూర్చున్నాడు. మరి బట్టలు విప్పి స్నానం చేసి వద్దామంటే కుళాయి వచ్చే రోజు రేపు.

ఆ ఇంటి కష్టం ఇంతటితో ఆగినా బాగుండేది. ఆకుకూరలక్కకు ఆ రాత్రల్లా ఒకటే ఆలోచన. పంచిన కట్టలు. ఎన్ని ఇళ్ళకు, ఎన్నెన్ని కట్టలు! మర్నాడు పొద్దున్నే పక్కింటి గుమ్మం ముందు నిలబడింది. ఏ మొహం పెట్టుకుని లోపలికి వెళ్ళాలో తెలియలేదు.

కుట్టుమిషన్ చెల్లి మిషన్ మీదే ఉంది. కాలు ఆడిస్తూనే అంది. "ఏంటక్కా, చేతులూపుకుంటూ వచ్చావ్? నా కట్ట ఏదీ? పుట్టబోయే మహారాజు ఎదురుచూస్తున్నాడిక్కడ."

ఆమె నిలబడే చెప్పింది. దాచకుండా, తడబడుతూ, వేరు సంగతి, ద్వారం సంగతి, నలభై ఎనిమిది సంగతి అన్నీ చెప్పింది. మిషన్ కాసేపు అలాగే నడిచింది. కుట్టు గుడ్డ అంచు దాటి పోయింది. సూది ఉత్త రేకు మీద టకటకలాడింది. అప్పుడు ఆగింది.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు కదక్కా," అంది చెల్లి.

"తెలిసేది కాదు."

"మరెందుకు చెప్పావ్? చెప్పు. ఇప్పుడు నేనేం చెయ్యాలి? మింగింది కక్కగలనా? లోపల ఉన్నదాన్ని బయటికి తీసి కడగగలనా?"

"నన్ను తిట్టు చెల్లీ. కొట్టు," అంది.

"నిన్ను తిడితే ఏమొస్తుంది? నీ కూతురికి పెట్టిందే నాకూ పెట్టావు. విషమని తెలిసి పెట్టావా?" చెల్లి రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది. "నాకు కోపం పొంగుకొస్తోందక్కా. ఎవరి మీద పడాలో చెప్పు. వెళ్ళి వాళ్ళ మీద పడతా. పేరు చెప్పు!"

ఏ పేరు చెప్పాలో ఇద్దరికీ తెలియలేదు. ఆ చెల్లి క్లినిక్‌కు వెళితే ఆ పరీక్ష ఇక్కడ లేదన్నారు. పెద్దాసుపత్రికి వెళితే రక్తం తీసుకుని, బిడ్డ పుట్టాక గానీ ఏదీ కచ్చితంగా చెప్పలేమన్నారు. మిగతా ఇళ్ళకూ ఆకుకూరలక్క ఒక్కతే వెళ్ళి చెప్పింది. ఒకాయన ఆమె మొహం మీదే తలుపు వేశాడు. ఒక ముసలమ్మ నమ్మలేదు. "పిచ్చిదానా, మొక్క తల్లిలాంటిది, విషం పెడుతుందా!" అని నవ్వింది. ఆ నవ్వు తలుపు వేసినదానికంటే ఎక్కువ బాధపెట్టింది.

ఇక డబ్బాలు. వాటిని ఎక్కడ పారెయ్యాలి? కాలువలో వేస్తే కాలువ కింద చేలున్నాయి. పూడ్చిపెడితే మళ్ళీ ఏదో వేరు అక్కడికి చేరుతుంది. చెత్తబండి అతను డబ్బాలను చూసి, "మట్టి మేం ఎక్కించుకోం తల్లీ, రూలు లేదు," అన్నాడు. షెడ్డు సూపర్‌వైజరు, "పెట్టెలైతే పంపించు, ప్లాస్టిక్ పనికొస్తుంది. మట్టి మాకెందుకు?" అన్నాడు. చివరికి మొక్కలతో సహా అన్నింటినీ ఒకచోట చేర్చి, పైన టార్పాలిన్ కప్పి, తాడుతో కట్టేసింది. తన చేత్తో పెంచిన వాటిని తన చేత్తోనే చీకట్లో పెట్టి మూసేసింది. వాటికి అది ఎందుకో తెలియదు. నాలుగు రోజుల పాటు టార్పాలిన్ సందుల్లోంచి ఆకులు వెలుతురు వైపు బయటికి వచ్చాయి. ఆమె చూడలేక ఆ వైపు నడవడం మానేసింది.

ఆఫీసుకు సెలవైన రోజున, షెడ్డు మొదలవకముందే, మట్టి మేడమ్ తనంత తానే ఆ లైనుకు వచ్చింది. మట్టి పరీక్ష కాగితం తెచ్చింది. ఇళ్ళ ముందు ఇరవై మంది దాకా పోగయ్యారు. సూపర్‌వైజరు కూడా చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు. మేడమ్ చెప్పగలిగినదంతా చెప్పింది. బట్టలు షెడ్డులోనే మార్చుకోవాలి, ఒళ్ళు కడుక్కునే ఇంటికి రావాలి, నేల ఊడవకుండా తడిగుడ్డతో తుడవాలి, పిల్లలకు పాలు, గుడ్లు తప్పకుండా పెట్టాలి.

"షెడ్డులో కుళాయి లేదమ్మా," అన్నాడు ఒక పెద్ద పనివాడు.

"అడగండి."

అతను వెనక్కి తిరిగి సూపర్‌వైజరును చూసి, గొంతు తగ్గించాడు. "అడిగినవాడు రేపు గేటు బయట ఉంటాడు. వాడి సామాను ఈ వీధిలో ఉంటుంది."

"ఇన్నేళ్ళుగా ఎవరికీ ఏమీ కాలేదు," అన్నాడు సూపర్‌వైజరు, ఎవరూ అడగకుండానే.

మట్టి మేడమ్ చేతిలోని కాగితాన్ని మడిచింది. ఆమె అప్పటికే మూడు ఆఫీసులకు ఉత్తరాలు రాసింది. ఒకటి జవాబివ్వలేదు. రెండోది ఇది మా శాఖ కాదంది. మూడోది ఆ రెండో ఆఫీసుకే రాయమంది. ఆ సంగతి వాళ్ళకు చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

ఆకుకూరలక్క ముందుకొచ్చింది. కూతురు ఆమె కొంగు పట్టుకుని నిలబడి ఉంది. "ఒక్క మాట చెప్పండి మేడమ్. తప్పు నాదేనా?"

"నీది కాదమ్మా. వేరుదీ కాదు," అంది మేడమ్. "వేరు తన దగ్గరికొచ్చింది తీసుకుంది. బిడ్డ తల్లి పెట్టింది తింది. వద్దనడం వాళ్ళిద్దరికీ చేతకాదు. ఏది మంచో ఏది చెడో తెలుసుకుని వద్దనగలిగింది మనుషులొక్కరే. ఆ పని మనం చెయ్యలేదు. షెడ్డు పెట్టినవాడు చెయ్యలేదు, చూడాల్సినవాళ్ళు చూడలేదు, చదువుకున్న నాలాంటివాళ్ళు బల్ల ముందు కూర్చుని, మట్టి మా దగ్గరికి వచ్చేదాకా ఆగాం."

షెడ్డు సైరన్ మోగింది. మగవాళ్ళు ఒక్కొక్కరుగా కదిలారు. ఆకుకూరలక్క భర్త కూడా వాలిన చేతిని మరో చేత్తో పట్టుకుని వాళ్ళ వెనకే నడిచాడు. పని మానితే ఇల్లూ పోతుందని భార్యకూ, మేడమ్‌కూ తెలుసు.

పాఠకులారా, ఒక ఇల్లాలు చేయగలిగినదంతా చేసింది, అయినా బిడ్డ మాటలను కాపాడుకోలేకపోయింది. మనం ఇవాళ మట్టిలో ఏది పోసినా రేపు అది వేరును దాటి ఎవరో ఒక పసిబిడ్డ రక్తంలోకి చేరుతుంది. చేరకముందు ఆపడం మన అందరి చేతిలో పని, చేరాక ఆపడం ఏ తల్లి చేతిలోనూ లేని పని.